పీఠం ముందు పుదీనా సీసా

ప్రభుదాసు ఎల్లారెడ్డి బడిలో సైన్సు సారు. ఆదివారం చర్చిలో పాస్టరుతో పాటు వాక్యం చెప్పేదీ ఆయనే. రెండు పనులూ ఒక్క నోటితో చేయొచ్చని చూపించడానికి ఆయనకు దొరికిన మనిషి ప్రీస్ట్లీ. రెండు వందల యాభై ఏళ్ల కింద ఇంగ్లండులో ఆ పాదిరి, దీపం ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మ పెట్టి, కొన్నాళ్లకు అదే గాలిలో మళ్లీ దీపం వెలిగించాడు. మతంలో చేరిన మూఢత్వాన్ని కడిగేయాలన్నాడు. ఆ మాటలు గిట్టని గుంపు ఆయన ఇల్లు తగలబెట్టింది.

ఈ కథ చెబుతూ ప్రభుదాసు ఊరగాయ సీసాలో కొవ్వొత్తి ఆరనిచ్చి, పుదీనా పెట్టి, మూత బిగించి పీఠం ముందు ఉంచాడు. వచ్చే ఆదివారం తెరిచి అందులో మళ్లీ కొవ్వొత్తి వెలిగిద్దామన్నాడు. ఆకులో కూడా దేవుడు ఊపిరి పెట్టాడని ఒక మాట కలిపాడు. అక్కడే చెడింది. ఆ చర్చిలో పీఠం ముందు జనం నూనె సీసాలు పెడతారు, ప్రార్థన అయ్యాక తీసుకుపోయి రోగులకు రాస్తారు. అక్కడ పెట్టిన సీసా ఏదైనా మందే. ఇరవై ఏళ్లుగా చూస్తున్న మనిషికి ఆ సంగతే గుర్తు రాలేదు.

బుధవారానికి సీసా లేదు. సంఘంలోని లింగవ్వ పట్టుకుపోయిందన్నారు. పోయి చూస్తే ఆమె భర్త అబ్రాహాము మంచం మీద కూర్చుని గాలి కోసం కొట్టుకుంటున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. దిండు పక్కన సీసా. కామారెడ్డి దవాఖానకు పోదామని కోడలు నవత మూడు రోజులుగా మొత్తుకుంటోందట. లింగవ్వ కదలనివ్వలేదు.

"అవ్వా, అది వట్టి పుదీనా. చట్నీలేసుకునేది."

"గట్లనా? మరి దేవుని ఊపిరన్నది ఎవరు సారూ, నీ నోరు గాదా?"

ప్రభుదాసు మొదటి నుంచి విడమరచబోయాడు. అబ్రాహాము దగ్గు ఆగడం లేదు. లింగవ్వ సీసాను ముందుకు జరిపింది.

"దీని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి. అప్పుడు దవాఖానకు పోతం."

పెట్టాడు. రెండు మాటల్లో ముగించి ఆటో పిలిచాడు. కామారెడ్డి దాకా లింగవ్వ ఒక చేత్తో మొగుణ్ణి, ఒక చేత్తో సీసాను పట్టుకుంది. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకో గంటయితే దక్కేవాడు కాదని డాక్టరు అందరినీ కలిపి తిట్టాడు.

ఆదివారం లింగవ్వ లేచి సాక్ష్యం చెప్పింది, సీసాయే బతికించిందని. పీఠం ముందు ఈసారి నూనె లేదు. పద్నాలుగు పుదీనా సీసాలున్నాయి. సంఘం ఎన్నడూ ఇంతగా నిండలేదని, ఊకోమని పాస్టరు దివాకర్ ప్రభుదాసు చెవిలో చెప్పాడు.

ప్రభుదాసు పీఠం దగ్గరికి నడిచాడు. తన ఇల్లు ఎవరూ తగలబెట్టరు. పలకరించడం మానేస్తారు, అంతే. కానీ రేపు ఇంకో ముసలాయన దిండు పక్కన ఇంకో సీసా ఉంటుంది. వరుసలో మొదట ఉన్న సీసా మూత తీశాడు.

"ఇది కూరల వేసే ఆకు. దీని మీద చెయ్యి పెట్టి మిమ్ముల మోసం చేసింది నేను. దమ్ము లేస్తే దవాఖానకు పోండ్రి."

లింగవ్వ ముందుకొచ్చి, ఆ వరుసలోంచి తన సీసాను తీసి కొంగు కింద దాచుకుని బయటికి నడిచింది.