వెరెష్ ఆంబ్రూష్ భార్య

నేను సమాధి రాళ్లు చెక్కేవాణ్ణి. మా హంగరీ పల్లెల్లో పెళ్లయిన ఆడదానికి మొగుడి పేరే పేరు. చివర 'భార్య' అని తగిలిస్తారు. చచ్చినా అంతే. బండి తోలే వెరెష్ ఆంబ్రూష్ పెళ్లాం పోయినప్పుడు అతను చెప్పినట్టే చెక్కాను: 'వెరెష్ ఆంబ్రూష్ భార్య'.

ఏడాది తిరక్కుండా అతను బోరిని చేసుకున్నాడు. ఇప్పుడు ఆ పేరు బోరిది.

పునీతుల పండగనాడు ఊరంతా చామంతులూ కొవ్వొత్తులూ పట్టుకుని సమాధుల దగ్గరికి వచ్చింది. బోరి ఆ రాయి ముందు పూలు సర్ది కొవ్వొత్తి వెలిగిస్తోంది.

"నీకేం బోరీ, రాయి సిద్ధంగా ఉంది. వచ్చి పడుకోవడమే తరువాయి!" అంది పక్కింటి రోజి.

అందరూ నవ్వారు. బోరి చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. ఆమె చూసుకోలేదు.

మర్నాటి నుంచి పోస్టుమాన్ గుమ్మంలో ఆ పేరు పిలిస్తే పలకడం మానేసింది. వారం పోయాక నా పాకకు వచ్చింది. మనిషి సగమైంది.

"బాబాయ్, ఆ పేరు పిలిస్తే నా వెనకాల ఇంకెవరో లేస్తున్నట్టుంది. నిన్న సూపు పోస్తూ మూడో గిన్నె పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. ఆ రాయి మీద ఆవిడ సొంత పేరు చెక్కు. లేకపోతే నేను బతకను."

"ఏం పేరో మీ ఆయన్ని అడిగావా?"

"అడిగా. 'ఒసేయ్ అంటే పలికేది, పేరెందుకూ' అన్నాడు. పెళ్లిళ్లూ చావులూ రాసే చర్చి పుస్తకమేమో యుద్ధంలో కాలిపోయిందట. ఊళ్లో ఎవర్నడిగినా ఆంబ్రూష్ పెళ్లామనే అంటారు."

నేను పారా గడ్డపారా తీసుకుని సమాధుల వైపు నడిచాను. ఆమె వెంట వచ్చింది.

రాయి మొదట్లో తవ్వాను. జానెడు లోతున అక్షరాలు తగిలాయి. బోరి అరచేత్తో మట్టి తుడిచింది. 'తెక్లా'.

"ఎవరు చెక్కారు బాబాయ్?"

"నేనే. పెళ్లికి ముందు, నేను ఈ ఊరు రాకముందు, అక్కడ మా వీధి పిల్ల. మట్టిలోకి పోయే భాగం ఎవడు చూస్తాడులే అని."

"తెక్లా," అంది బోరి, గోడవతల మనిషిని పిలిచినట్టు.

గడ్డపారతో ఇద్దరం రాయిని ఆ పేరు కనిపించేంత పైకి లేపి నిలబెట్టాం. పొద్దువాలే వేళకు ఆంబ్రూష్ వచ్చాడు. టోపీ తీసి రాయి మీది అక్షరాలు చదివాడు.

"ఎవరే ఈ తెక్లా?"

"నేను కాదు," అంది బోరి.