మాట్లాడినవాళ్ళ పేర్లు

పొద్దున్నే మా అమ్మాయిని లేపుదామని నోరు తెరిస్తే దాని పేరు రావడం లేదు. పేరు ఉండాల్సిన చోట నాలుక మీద చల్లగా ఉంది. దుప్పటి లాగి లేపుతాను.

"నా పేరు బడిలో ఉండిపోయిందమ్మా," అంటుంది కళ్ళు నులుముకుంటూ. "నిన్న మాట్లాడానని లీడరు బోర్డు మీద రాసింది. ఈలోగా లాంగ్ బెల్ కొట్టేశారు. ఎవరూ తుడవలేదు."

గొడుగు మర్చిపోయి వచ్చినట్టు చెబుతోంది. వాళ్ళ నాన్న శేషగిరి పేపరు దించకుండానే, "వెళ్ళి తెచ్చుకోండి," అంటాడు. ఈయనకి అన్నీ తేలికే. పిల్లకి జ్వరం వచ్చినా పేపరు వెనక నుంచే తగ్గిపోతుందంటాడు.

పేరు లేక తూకం తగ్గినట్టుంది. జడకి రిబ్బను కడుతుంటే పిల్ల నేల మీంచి లేస్తోంది. పుస్తకాల సంచీ తగిలించాక కాళ్ళు ఆనుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆ సంచీ బరువు చూసి బడివాళ్ళని తిట్టుకున్నదాన్ని, ఈ రోజు ఇంకో రెండు పుస్తకాలు నేనే కూరుతున్నాను.

బడి గేటు దగ్గర తల్లులం నిలబడతాం. అక్కడ మాకెవరికీ సొంత పేర్లు ఉండవు. జోషిత వాళ్ళమ్మ, లోహిత్ వాళ్ళమ్మ, అంతే. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా ఒకే ఎండలో నిలబడ్డాం, ఒకళ్ళ పేరు ఒకళ్ళం అడగలేదు. జోషిత వాళ్ళమ్మ నన్ను పలకరించబోయి ఆగుతుంది. తర్వాత, "వాళ్ళమ్మా," అంటుంది, ముందు మాట లేకుండానే. నేను పలుకుతాను. పలకకపోతే ఏం బాగుంటుంది.

సంగతి చెబితే ఆవిడ గొంతు తగ్గిస్తుంది. "హాజరు పిలిచేలోగా తుడిపించండి. పేరు లేకపోతే పిల్లని తిరిగి ఇవ్వరు."

"మరేం చేస్తారు?"

"పేరు రాయని నీళ్ళ సీసాలూ స్వెట్టర్లూ పడేసే గది ఉంది చూడండి, మెట్ల కింద. అందులో పెడతారు. మా జోషిత సీసా కోసం వెళ్తే అక్కడ అన్నీ మూతలు లేనివే."

పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడుస్తాను. అది పక్కన తేలుతూ వస్తోంది.

అయిదో తరగతిలో పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఊపిరి కూడా అడిగి తీసుకునేట్టున్నారు. బోర్డు ఎడమ మూల 'మాట్లాడినవాళ్ళు' అని రాసి గీత కొట్టి ఉంది. దాని కింద మా అమ్మాయి పేరు ఉండాలి. ఇంటూ మార్కులే ఉన్నాయి. పేరు రాశాక కూడా మాట్లాడితే పక్కన ఇంటూ పెట్టడం ఆనవాయితీ, నా చిన్నప్పుడూ ఉంది. కానీ ఈ ఇంటూలు పేరుని కప్పేసి, బోర్డంతా నిండి, గోడ ఎక్కి, కిటికీ దాటి ఆరో తరగతిలోకి వెళ్ళిపోతున్నాయి.

"నిన్న ఒక్క పేరే కదమ్మా రాశావు," అంటాను లీడరు తన్మయితో. చాక్‌పీసు పట్టుకుని బోర్డు పక్కనే నిలబడి ఉంటుంది ఎప్పుడూ.

"పేరు ఇక్కడే ఉండిపోయింది కదా ఆంటీ. గది ఖాళీ అయినా మాట్లాడ్డం ఆపలేదు. మీ అమ్మాయి పేరు కదా."

నిజమే. నోరు మూతపడని పిల్ల. కుక్కరు మూడో కూత వేసేలోగా బడిలో జరిగిందంతా చెప్పేస్తుంది, జరగనిదీ చెబుతుంది. విసుక్కుంటాను గానీ, ఆ గొంతు లేని ఇల్లు నాకు వద్దు.

సుగుణ టీచరు రిజిస్టరు తెరుస్తూ, "పేరెంట్స్ మీటింగు శనివారం కదండీ," అంటుంది.

"శనివారానికి పిల్ల ఉండదండీ."

"మొక్కై వంగనిది మానై వంగుతుందా? కూర్చోండి."

కూర్చుంటాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. వంగడం సంగతి ఆవిడకేం, ఈ బెంచీలో నడుము చూసుకోవాల్సింది నేను. టీచరు హాజరు మొదలుపెట్టింది. పేరు పేరుకీ ఒక పిల్ల లేచి, "ప్రెజెంట్ మేడమ్," అని కూర్చుంటోంది. మా వరస దగ్గరికొస్తోంది. మా అమ్మాయి బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది, పైకి పోకుండా.

"తుడువమ్మా, నీకు పుణ్యం ఉంటుంది," అంటాను తన్మయితో.

"తుడిస్తే ఇంకో పేరు రాయాలి ఆంటీ. ఎవరూ మాట్లాడలేదంటే టీచరు నమ్మరు."

అదీ నిజమే. ఏ లీడరూ ఖాళీ బోర్డు చూపించడం నేనెరగను.

"అయితే నా పేరు రాయి. ఇందాకట్నుంచి మాట్లాడుతున్నది నేనేగా."

"మీ పేరేంటి?"

వెతుక్కోవాల్సి వస్తుంది. మా అమ్మ పోయాక ఆ పేరు పెట్టి నన్ను పిలిచినవాళ్ళు లేరు. ఆయన 'ఏమే' అంటాడు, గేటు దగ్గర సంగతి చెప్పనే చెప్పాను. బీరువా అడుగున దాచిన పట్టుచీరలా మడతల దగ్గర కొంచెం నలిగింది గానీ, పేరు బాగానే ఉంది.

"హైమావతి," అంటాను.

తన్మయి ఇంటూలన్నీ అరచేత్తో తుడిచి, ఆ పేరు రాస్తుంది. పొల్లు కూడా పోకుండా రాస్తుంది. అది రాస్తుంటే నా నోట్లో చల్లబడుతోంది.

"ఉజ్వల," అంటుంది టీచరు.

మా అమ్మాయి బరువుగా లేచి నిలబడుతుంది. బెంచీ కిర్రుమంటుంది. "ప్రెజెంట్ మేడమ్."

ఉజ్వల. ఎంత సంతోషమో చెప్పలేను. అది పుట్టిన రోజు కూడా ఇంత సంతోషం లేదు, ఆ రోజు నొప్పులు ఎక్కువ. ఉజ్వలా, ఉజ్వలా అంటూనే ఉన్నాను. తన్మయి బోర్డు మీద ఇంటూలు పెడుతూనే ఉంది. చివరికి టీచరు నన్ను బయట నిలబడమంటుంది.

వరండాలో నిలబడి పాఠం వింటాను. ఈ రోజు పాఠం జాగ్రత్తల గురించి. ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరొచ్చినా ముందు పేరు అడగాలి, చెప్పలేనివాళ్ళ వెంట వెళ్ళకూడదు. పిల్లలందరూ కలిసి అప్పజెబుతున్నారు. అందరికన్నా మా ఉజ్వల గొంతే పైకి వినిపిస్తోంది. మంచి పాఠమే అనుకుంటాను.

సాయంత్రం బెల్లు కొడతారు. ఉజ్వల పరుగున వచ్చి, నాకు నాలుగడుగుల దూరంలో ఆగుతుంది.

"మీ పేరు చెప్పండి."

"నేనే, మీ అమ్మని."

"అందరూ అలాగే చెబుతారట ఆంటీ. పేరు చెప్పండి."

కన్నపిల్ల నన్ను ఆంటీ అంటోంది. ఎంత మర్యాదగా అంటోందో. నోరు తెరుస్తాను. పొద్దున్న ఎక్కడ చల్లగా ఉందో అక్కడే ఉంది, ఇప్పుడు ఇంకొంచెం లోతుగా. నేను దాని జడ చూస్తాను, రిబ్బను ఊడిపోతోంది. కట్టడానికి చెయ్యి చాపితే వెనక్కి జరుగుతుంది. పాఠం బాగా వచ్చింది దానికి. ఏడుపొస్తోంది నాకు.

శేషగిరి స్కూటరు మీద వస్తాడు. "శేషగిరి," అంటాడు, ఇంతకన్నా తేలికైనది లేదన్నట్టు. ఉజ్వల ఎక్కి కూర్చుంటుంది.

"మీ అమ్మేది?"

"రాలేదు నాన్నా."

తర్వాత అది మొదలుపెడుతుంది. ఎవరు ఎవర్ని గిల్లారో, ఎవరి టిఫిన్లో ఏముందో, పాఠంలో తనెంత బాగా చెప్పిందో. స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా ఆ గొంతు వింటూ నిలబడతాను. ఆయన ఊఁ కొట్టడం లేదు. అయినా ఆపడం లేదు పిల్ల.

తన్మయి వచ్చి నా చెయ్యి పట్టుకుంటుంది. "చాక్‌పీసు అయిపోయింది ఆంటీ. రేపటిది రాసి పెట్టుకోవాలి."

ఖాళీ గదిలోకి తీసుకెళ్తుంది. నా చూపుడు వేలు ఎంచుకుని, బోర్డు కుడి మూల తేదీ రాస్తుంది. తెల్లగా పడుతోంది. మొత్తం అని రాస్తుంది, హాజరు అని రాస్తుంది. వేలు మొదటి కణుపు దాకా అరిగింది. నొప్పి లేదు, పొడి మాత్రం రాలుతోంది. గైర్హాజరు అని రాసి, దాని పక్కన సున్నా చుడుతుంది. గుండ్రంగా రాలేదని మళ్ళీ దాని మీదే చుడుతుంది.