పద్నాలుగో రోజు ప్రశ్న

ఆఫీసు మూడో అంతస్తులో ఆయన్ని అందరూ ప్రశ్నల మాస్టారు అనేవారు. మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పినవాడేం కాదు. ఆరోగ్య బీమా కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఒకే కుర్చీని అరగదీస్తున్న గుమస్తా. ఆపరేషన్లకు అనుమతి ఇమ్మని ఆసుపత్రులు పంపే ఫైళ్లు ఆయన బల్ల మీదికి వచ్చేవి. పదిహేను రోజుల్లో కంపెనీ ఏ సంగతీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అని చట్టం. కానీ ఈలోగా కంపెనీ ఏదైనా ప్రశ్న అడిగిందా, దానికి జవాబు వచ్చిన నాటి నుంచి మళ్లీ ఒకటో రోజు. ఇక చూసుకోండి! పద్నాలుగో రోజు దాకా ఫైలును కిక్కురుమననివ్వకుండా ఉంచి, ఆఫీసు కట్టేసే వేళకు ఓ చక్కటి ప్రశ్న సంధించడంలో మాస్టారిని కొట్టినవాడు లేడు.

"నా చేత్తో ఒక్కరికి కూడా కాదని రాయలేదు," అని గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే, రాయలేదు. రాసే అవసరం రాకుండానే చాలా ఫైళ్లు వాటంతటవే మూతపడ్డాయి. ఎందుకు మూతపడ్డాయో ఆయన ఎన్నడూ ఆరా తీయలేదు. ఆరా తీస్తే అన్నం సహించదని లోలోపల తెలుసు కాబోలు.

ఆ ఏడాది దేశమంతా ఒకటే గోల. కంపెనీలన్నీ ఎత్తేసి అందరికీ ఒకే బీమా, ఖర్చంతా సర్కారుదే అని బిల్లు పెట్టారు. టీవీ పెడితే చాలు, ఇటువాళ్లు "ఇక వైద్యానికి ఎవరి గడ్డమూ పట్టుకోనక్కర్లేదు" అనేవారు. అటువాళ్లు "మోకాలి నొప్పికి పేరు రాయించుకుంటే మనవడి పెళ్లినాటికి పిలుపొస్తుంది" అని వెక్కిరించేవారు. మాస్టారు అటువాడు. కింది వాటాలో ఉండే బావ ఇటువాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, గొంతుకు బ్రేకు లేదు. రోజూ కాఫీ చల్లారేదాకా ఇద్దరూ పోట్లాడుకుంటుంటే, అక్క కుట్టుమిషను ముందు కూర్చుని నవ్వుకునేది.

ఆ మిషనే మాస్టారిని చదివించింది. అమ్మ పోయేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు, అక్కకు పదిహేడు. ఆ చప్పుడు వింటూనే ఎక్కాలు వల్లెవేశాడు, ఆ చప్పుడు వింటూనే ఉద్యోగానికి దరఖాస్తు రాశాడు. ఇప్పుడది నాలుగు కుట్లకోసారి ఆగుతోంది. ఆగి, కాసేపటికి మళ్లీ మెల్లగా మొదలవుతోంది.

"గుండెలో కవాటం బిగుసుకుపోతోంది. రెండు నెలల్లో మార్చేయాలి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు," అని అక్కను పరీక్షించి తేల్చి చెప్పింది డాక్టరమ్మ.

"రేపే మీ కంపెనీలో ఫైలు పెట్టేస్తానోయ్," అన్నాడు బావ.

మాస్టారు మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఆ ఫైలు తిన్నగా తన బల్ల మీదికే వస్తుంది. సంతకం పెడితే పైవాళ్లు ఊరుకోరు. ప్రశ్న అడిగితే తన ముఖం తనే చూసుకోలేడు. అదీ అసలు సంగతి. కానీ పైకి అన్న మాట వేరు.

"తొందరపడకు బావా. బిల్లు ఎలాగూ నెగ్గేట్టుంది. మూడు వారాలు ఓపిక పడితే ఒకటో తారీకు నుంచి కొత్త కార్డు. ప్రశ్నలూ లేవు, అనుమతులూ లేవు. టీవీలో చెప్పట్లా?"

"ఏంటోయ్, సూర్యుడు ఎటు పొడిచాడు ఇవాళ? నువ్వేనా ఈ మాటంటున్నది!" అని బావ నోరెళ్లబెట్టాడు.

"వాడికి లోపలి సంగతులు తెలుసండీ. వాడెలా చెబితే అలా," అంది అక్క. అక్కడితో ఆ మాట ముగిసింది. ఊళ్లోవాళ్ల ఫైళ్లలో చివరి పేజీ చివరి లైను దాకా చదవందే వదలని మనిషి, ఆ బిల్లు చివరి పేజీ మాత్రం తిప్పి చూడలేదు.

బిల్లు నెగ్గింది. ఒకటో తారీకున ఆఫీసు గుమ్మానికి కొత్త బోర్డు, గోడలకు కొత్త రంగు. కుర్చీలు అవే, కూర్చున్నవాళ్లూ వాళ్లే. పని తెలిసినవాళ్లు ఇంకెక్కడ దొరుకుతారు? అక్క ఫైలు ఆ రోజే దాఖలైంది. కాగితాలన్నీ మాస్టారే దగ్గరుండి సర్దాడు. ఎక్కడా వేలు పెట్టడానికి సందు ఉండకూడదని, చిన్నప్పుడు అక్క జ్వరంతో పడుకుంటే తమ వీధి డాక్టరు ఆమె గుండెలో ఏదో చప్పుడుందని చెప్పిన సంగతితో సహా జబ్బు చరిత్రంతా పూసగుచ్చినట్టు రాశాడు.

మర్నాడు మేనేజరు మేడమ్ పిలిచింది. "మాస్టారూ, శుభవార్త. మీ ప్రశ్నలన్నీ ఏరి కంప్యూటర్‌కి ఎక్కించారు. మొత్తం ముప్పై ఎనిమిది. ఇక దేశం మొత్తానికీ మీ ప్రశ్నలే. ఫైలును బట్టి పద్నాలుగో రోజున అదే పంపించేస్తుంది. మనం ఎవరం వేలు కదపక్కర్లేదు."

"ప్రశ్నలు ఉండవన్నారు కదా మేడమ్?"

"కొత్త నియమాలు వచ్చేదాకా పాత పద్ధతేనండీ. బిల్లు చివరి పేజీలోనే ఉంది, చూడలేదా?"

మేడమ్ ప్రశ్నల ప్రింటు మాస్టారి చేతిలో పెట్టి, ఒకసారి సరిచూసి పెట్టమంది. అక్క ఫైలులో లోపం లేదు, దానికేం భయంలేదని తనకు తనే సర్దిచెప్పుకుని చదవడం మొదలుపెట్టాడు. చదువుతుంటే పాత హుషారు ముంచుకొచ్చింది. పంతొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగాడు. 'ఈ జబ్బును మొట్టమొదట గుర్తించిన డాక్టరు సంతకంతో ఆ తేదీని ధ్రువీకరించండి.' మంచి ప్రశ్నే గానీ, ఆ డాక్టరు ఇప్పుడు లేరని ప్రమాణపత్రం రాసిచ్చి జనం తప్పించుకుంటున్నారు. ఎర్ర పెన్ను తీసి పక్కనే రాశాడు: 'ప్రమాణపత్రాలు చెల్లవు.'

"అందుకే మిమ్మల్ని మాస్టారన్నారు," అంది మేడమ్. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ సాయంత్రమంతా ఆయనకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాత రోజులు లెక్కపెట్టుకున్నాడు. పది, పదకొండు, పన్నెండు. కింద మిషను ఇప్పుడు రెండు కుట్లకోసారి ఆగుతోంది. అక్క మెట్లెక్కి పైకి రావడం మానేసింది. పదమూడు. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన బట్టలు తనే కుట్టుకుని సంచిలో సర్దిపెట్టుకుంది.

పద్నాలుగో రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి బావ గుమ్మంలోనే ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. "కొత్త ఆఫీసు నుంచి ఏదో వచ్చిందోయ్. చూడు."

మాస్టారు చూశాడు. మొదటి ముక్కలోనే అర్థమైంది, అది పంతొమ్మిదో ప్రశ్న. చివరి లైను చదవక్కర్లేకపోయింది, అయినా చదివాడు. ప్రమాణపత్రాలు చెల్లవు. ఆ వీధి డాక్టరు పోయి పదకొండేళ్లు. ఆయన క్లినిక్కు ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల దుకాణం. ఆయన సంగతి ఫైల్లోకి ఎక్కించింది ఎవరో వేరే చెప్పాలా?

వాకిట్లోకి వచ్చి మేడమ్‌కి ఫోను చేశాడు. "ఒక్క ఫైలు, మేడమ్. మా అక్క. ఆ ప్రశ్న వెనక్కి తీయించండి."

"ఎవరితో చెప్పను మాస్టారూ? అది పంపిన మనిషంటూ ఉంటే కదా! మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టండి. పదిహేను రోజుల్లో తేలుస్తారు. పద్నాలుగో రోజున దానికీ ప్రశ్న వస్తుందనుకోండి. మీకు తెలియనిదేముంది!"

లోపలికి వచ్చాడు. అక్క మిషను మీద చేతులు ఆన్చి, ఊపిరి కూడదీసుకుంటోంది. పెదవుల్లో నెత్తురు లేదు.

"ఏమంటున్నార్రా?"

"ఏదో ప్రశ్న అడిగారక్కా."

"ప్రశ్నే కదా. కాదనలేదుగా!"

ఇరవై రెండేళ్లుగా తను చెప్పుకుంటున్న మాట అక్క నోట విన్నాడు మాస్టారు. ఆమె పాదాల దగ్గర, మిషను పెడలు పక్కనే చతికిలబడ్డాడు.

"అక్కా, ఆ ప్రశ్న రాసింది నేనే."

అక్క ముఖం విప్పారింది. ఇన్నాళ్ల బరువు దిగిపోయినట్టు కళ్లు మూసుకుని తెరిచింది. మిషను సొరుగు లాగి, దారపుండల మధ్య వెతికి, పెన్ను తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"హమ్మయ్య! అయితే జవాబు నీకు తెలిసే ఉంటుందిగా. రాసెయ్, నాన్నా."