నలభై గూళ్ల పెట్టె

మా కొట్టు మీద దొంగలు పడిన సంగతి నాకు ఫోన్లో వీడియోగా వచ్చింది. పంపింది మా అన్నయ్య అల్లుడు. ఆదివారం మధ్యాహ్నం, వీధంతా కునుకు తీసే వేళ, ఒక తెల్ల వ్యాను వెనక్కి వెనక్కి వచ్చి మా షట్టరునీ, దాని వెనక గాజు తలుపుల్నీ ఒక్క గుద్దు గుద్దింది. ముగ్గురు దిగారు. మొహాలకు గుడ్డలు. నాలుగు నిమిషాల్లో పదమూడు రైఫిళ్లు, కౌంటరు కిందున్న రెండు తూటాల డబ్బాలు వ్యానెక్కాయి. వీడియో కింద అల్లుడు ఇలా రాశాడు: "కెమెరా ఎంత క్లియర్‌గా పట్టిందో చూడండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇల్లు కాలిపోతుంటే ఫొటో బాగా వచ్చిందని మురిసిపోయే మనిషిని ఏమనాలి? అలారం తన ఫోనుకే వస్తుందని నెలల తరబడి గొప్పలు పోయాడు. వచ్చింది కూడా. ఆ టైముకి ఆయన సినిమా హాల్లో ఉన్నాడు, ఫోను సైలెంట్లో ఉంది.

మాది తుపాకుల కొట్టు. నాన్న పెట్టారు. ఆయన పోయాక ముందు గది అన్నయ్యదైంది, వెనక మరమ్మతు గది నాదైంది. బ్యాంకుల కాపలావాళ్లు, గురి పోటీలకు వెళ్లేవాళ్లు, పొలాల మీద పందులు పడి గగ్గోలు పెట్టేవాళ్లు లైసెన్సు కాగితాలు పట్టుకుని మా దగ్గరికి వస్తారు. అన్నయ్య అమ్ముతాడు, నేను బాగుచేస్తాను. ఆడదానివి, నీకు ఇదేం పని అని అడిగిన ప్రతివాడికీ ముప్ఫై ఏళ్లుగా ఒకటే జవాబు చెబుతున్నాను. మీ తుపాకీ ఇలా ఇవ్వండి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి.

నాన్న ఒక పద్ధతి పెట్టారు. సాయంత్రం షట్టరు దించే ముందు గోడకున్న ప్రతి రైఫిల్‌కీ బోల్టు తీసెయ్యాలి. బోల్టంటే తూటాని వెనకనుంచి మూసి, కొట్టి పేల్చే ఇనుప ముక్క, జానెడు ఉంటుంది. అది లేని రైఫిల్ ఉత్త గొట్టం. తీసిన బోల్టుల కోసం నాన్న తన చేత్తో ఒక చెక్కపెట్టె చేశారు. అందులో నలభై గూళ్లు, గూటికో నంబరు, తెల్లరంగుతో ఆయన వేసిన అంకెలు. ఏ నంబరు రైఫిల్ బోల్టు ఆ నంబరు గూట్లో పెట్టి, పెట్టెని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. పొద్దున్నే మళ్లీ దేనిది దానికి తొడగాలి. ఒకదాని బోల్టు ఇంకోదానికి పెడితే పేల్చినవాడి మొహమే లేచిపోవచ్చు. మా లైసెన్సులో కూడా ఈ షరతు ఉంది, కొట్టు మూసి ఉన్నంతసేపూ బోల్టులు విడిగా ఉండాలని. సాయంత్రం ఇరవై నిమిషాల పని, పొద్దున్న ఇంకో ఇరవై.

అల్లుడు కొట్లో అడుగుపెట్టాక ఆ పని తన చేతికి తీసుకున్నాడు. కుర్రాడు ఉత్సాహంగా ఉన్నాడు కదా అని నేనూ ఊరుకున్నాను. ఏడు నెలల కిందట ఒక పొద్దున పదకొండో నంబరు బోల్టు పదిహేడుకి తొడిగి, గురి పోటీకి వెళ్లే పిల్లవాడి చేతికి ఇవ్వబోయాడు. నేను చూశాను కాబట్టి సరిపోయింది. చూసిన దాన్ని ఊరుకున్నానా? నలుగురు కొనేవాళ్ల ముందు, "బాబూ, పదకొండుకీ పదిహేడుకీ తేడా తెలియకపోతే మనకి వేరే వ్యాపారాలున్నాయి" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మామగారి పక్కన చేరాడు.

"ఈ రోజుల్లో ఇలా ఎవరు చేస్తున్నారు మావయ్యగారూ? తీసి పెట్టడంలోనే పొరపాట్లు జరిగేది. ఎనిమిది కెమెరాలు పెట్టిద్దాం. కొట్లో దోమ ఎగిరినా నా ఫోను మోగుతుంది."

అన్నయ్య తల ఊపాడు. కూతుర్ని ఇచ్చుకున్న ఇంటివాడు ఏం చెప్పినా అన్నయ్య తల ఊపుతాడు. ఆ సాయంత్రం నుంచే బోల్టులు తియ్యడం మానేశారు.

"కెమెరా చూస్తుంది అన్నయ్యా, ఆపదు కదా" అన్నాను. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. వినలేదు. "అయితే మీ కొట్టు, మీ ఇష్టం" అని నా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

నా తప్పు అక్కడుంది. పెట్టె నేను ఎత్తలేనంత బరువేం కాదు. బోల్టులు తియ్యడం నాకు చిన్నప్పటి నుంచే వచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా రోజూ నేనే తీసి దాచెయ్యచ్చు. కానీ నా మాట వినలేదు కదా, పడనీ అనుకున్నాను. చిన్నపిల్లలా ఏడు నెలలు అలిగాను. దొంగతనానికి ముందు రోజు, శనివారం, పందొమ్మిదో నంబరు బోల్టు బిగుసుకుపోతోందంటే మధ్యాహ్నమంతా కూర్చుని, అరగదీసి, నూనె పెట్టి, వెన్నలో వేలు పెట్టినట్టు జారేలా చేసి గోడకి తగిలించాను. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని, ఆ గోడ పక్కనుంచే ఇంటికి వెళ్లిపోయాను.

సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గాజుపెంకుల మీద బూట్లు కరకరలాడించుకుంటూ గదంతా తిరిగి, అన్నయ్యని అడిగాడు.

"బోల్టులు?"

నేను మరమ్మతు గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. అన్నయ్య నా వైపు ఒకసారి చూసి, కళ్లు తిప్పుకున్నాడు.

"ఎప్పట్లాగే తీసి దాచేశాం సార్. మా నాన్నగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. వాళ్లు పట్టుకెళ్లినవి ఉత్త గొట్టాలు."

"బతికించారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇనప్పెట్టె తెరవమని కూడా అడగలేదు. నాన్న పేరు అంత పనిచేసింది. నేను నోరు మెదపలేదు. ఆ పూటకి నేను కూడా అబద్ధంలో భాగస్తురాలినే, అందులో దాపరికం ఏమీ లేదు.

అతను వెళ్లాక మాత్రం అన్నయ్య మీద విరుచుకుపడ్డాను.

"ఏంటి అన్నయ్యా అది? అవన్నీ పేలతాయి. తూటాలు కూడా పోయాయి."

"నిజం చెబితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే నాన్న కొట్టు పోతుంది. తర్వాత నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను? రెండు రోజులు ఓపిక పట్టు చెల్లాయ్. దొరికేస్తారు."

"దొరికేలోపు ఎవరినైనా కాలిస్తే?"

"ఎప్పుడూ చెడే ఆలోచిస్తావేంటే?" అన్నాడు. అల్లుడు పక్కనే నిలబడి కెమెరా కంపెనీవాడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు, వీడియోని ఇంకా పెద్దది చెయ్యొచ్చా అని.

మంగళవారం పేపర్లో వార్త వచ్చింది. ఎత్తుకెళ్లిన తుపాకులు పనిచెయ్యవు, ప్రజలు భయపడాల్సింది ఏమీ లేదు అని. తల కొట్టేసినట్టయింది. ఊరంతటికీ మేం చెప్పిన అబద్ధం అచ్చులో పడి వచ్చింది.

ఆ రోజు పదకొండింటికి నిచ్చెన వచ్చాడు. నిచ్చెన అంటే మా పేటకి వచ్చే కానిస్టేబులు. మనిషి అంత పొడుగు. మా గుమ్మంలోకి తల వంచి రావాలి, వంచడం మర్చిపోయిన రోజు బొప్పి కట్టించుకుని వెళ్తాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నన్ను అక్కా అంటాడు. అల్లుడు కుర్చీ వేసి, టీ కలిపి ఇచ్చాడు.

"సంతకం కావాలక్కా" అని నిచ్చెన ఒక కాగితం తీశాడు. "తుపాకులు బాగుచేసేది మీరు కాబట్టి మీరే పెట్టాలి. బోల్టులు లేవు, పేలవు అని. ఇన్‌స్పెక్టరుగారు ఇది ఫైల్లో పెట్టమన్నారు."

"అంత తొందరేంటి?"

"వాళ్లు ఎక్కడున్నారో తెలిసిపోయింది. కెమెరాలో వ్యాను నంబరు దొరికింది కదా, దాన్ని పట్టుకుని వెళ్తే పాత గోడౌను తేలింది." అల్లుడి మొహం వెలిగింది. ఆ మాట వరకు ఒప్పుకోవాలి, నాకిష్టం లేకపోయినా. "ఇక్కణ్ణుంచి అటే వెళ్తున్నా. నేనూ ఇంకొకడూ. మిగతావాళ్లు ఊరేగింపు బందోబస్తుకి పోయారు. ఇద్దరం చాలు. కర్రలు పట్టుకున్నవాళ్లకి ఎంతమంది కావాలి?"

నా చేతిలో కలం ఉంది. అన్నయ్య కౌంటరు వెనక నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. చిన్నప్పుడు పలక పగలగొట్టి నాన్నకి చెప్పొద్దని బతిమాలినప్పుడు కూడా అలాగే చూశాడు. అప్పుడు నేను చెప్పలేదు.

"కర్రలు కావు" అన్నాను. "పదమూడింటికీ బోల్టులున్నాయి. అన్నీ పేలతాయి. నువ్వు వెళ్లకు."

అన్నయ్య వెంటనే అందుకున్నాడు. "దాని మాటలు పట్టించుకోకు నాయనా. నా మీద కోపం దానికి. అల్లుడికి పెత్తనం ఇచ్చానని ఏడు నెలలుగా మూతి ముడుచుకుని కూర్చుంది. బోల్టులు ఇనప్పెట్టెలో భద్రంగా ఉన్నాయి. తాళం మాత్రం ఇంటి దగ్గర మర్చిపోయాను."

నిచ్చెన ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆయన చెప్పిందాంట్లో సగం నిజమే, నాకు కోపం ఉన్న మాట నిజమే. అందుకే నా మాట తేలిపోయేలా ఉంది. నిచ్చెన నవ్వి, "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండక్కా, నాకు టైమవుతోంది" అని టీలో చక్కెర కలుపుకోవడానికి పక్క అరలోంచి చెంచా తీసుకున్నాడు.

ఆ చెంచా ఎందులోంచి తీశాడో చూసేసరికి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అరలోంచి ఆ పెట్టెని రెండు చేతులతో లాగి కౌంటరు మీద బోర్లించాను. చెంచాలు, చక్కెర పొట్లాలు, ఫోను చార్జర్లు, ఒక దువ్వెన, కెమెరాల వైర్ల ముక్కలు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం రాలి పడ్డాయి. ఖాళీ పెట్టెని నిచ్చెన ముందుకి తిప్పాను.

"ఈ అంకెలు చూడు. మా నాన్న వేసినవి. మా బోల్టులు ఉండాల్సిన పెట్టె ఇదే, వాటికి ఇంకో పెట్టె లేదు. కౌంటరు మీద రాలిన వాటిలో ఒక్క బోల్టు చూపించమను వీళ్లని. చూపిస్తే ఇప్పుడే సంతకం పెడతాను."

"అది స్టైల్‌గా ఉందని టీ సామాను పెట్టుకున్నానంతే అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు, మెల్లగా. ఆ ఒక్క మాటతో ఇనప్పెట్టె కథ తేలిపోయింది. నిచ్చెన చేతిలో చెంచాని కాసేపు చూసి, పక్కన పెట్టాడు. కప్పు కూడా పక్కన పెట్టాడు.

"నాకిద్దరు పిల్లలున్నారు సార్" అన్నాడు అన్నయ్యతో. గొంతు పెంచలేదు. నిన్నటిదాకా మా అన్నయ్యని అన్నా అని పిలిచేవాడు. ఫోను తీసి ఇన్‌స్పెక్టరుకి చేస్తూ బయటికి నడిచాడు.

సాయంత్రం నాలుగింటికి ఇరవైమంది వెళ్లారు, గుండు దిగని చొక్కాలు వేసుకుని. తలుపుకి ఎదురుగా ఎవరూ నిలబడలేదు, గోడ చాటునుంచే లొంగిపొమ్మని కేకేశారు. లోపల్నుంచి ఒక తూటా తలుపు చీల్చుకుని వచ్చి ఎదురుగోడలో దిగింది. ఆ తర్వాత టియర్ గ్యాస్ వదిలితే ఇద్దరు చేతులెత్తి బయటికొచ్చారు. మర్నాడు నేను వెళ్లి ఆ తలుపు చూశాను. మామూలు మనిషైతే నెత్తి మీదుగా పోయేది. నిచ్చెనకైతే సరిగ్గా గొంతు దగ్గర.

గురువారం మా కొట్టుకి సీలు వేశారు. లైసెన్సు రద్దయింది. నా పనీ అందులోనే పోయింది. అన్నయ్య మెట్ల మీద కూర్చుని నాతో ఒకే ఒక్క మాట అన్నాడు.

"నాన్న కొట్టు మూయించేశావు."

"నీ అబద్ధం ఒక మనిషిని చంపబోయింది అన్నయ్యా. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడు, తర్వాత కొట్టు గురించి మాట్లాడదాం" అన్నాను. మాట్లాడలేదు. ఇవాల్టికీ మాట్లాడలేదు. వదిన ఫోను చేసి, ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు, నీకు జాలి లేదా అని అడుగుతుంది. జాలి ఉంది. కోపం దానికన్నా ఎక్కువుంది, ఏం చెయ్యను?

దొరికిన తుపాకుల్ని గుర్తుపట్టడానికి స్టేషనుకి నన్నే పిలిచారు. నేను నాన్న పెట్టె చంకన పెట్టుకుని వెళ్లాను. అంతకుముందు రోజు వేడినీళ్లతో తుడిచి, గూళ్లలో అంటుకున్న చక్కెరంతా గోకి తీశాను. బల్ల మీద వరసగా పేర్చిన రైఫిళ్లకి ఒక్కొక్క బోల్టే తీసి, నంబరు పైకి చదువుతూ, ఏది బిగుసుకుపోతుందో చెబుతూ దాని గూట్లో పెట్టాను. నిచ్చెన పక్కన కూర్చుని రాసుకున్నాడు. మూడు, ఏడు, పదకొండు, పదిహేడు. పన్నెండు రైఫిళ్లకి పన్నెండు బోల్టులు పెట్టాక బల్ల ఖాళీ అయింది.

"ఇంకోటి?" అన్నాను.

"మూడోవాడు దొరకలేదక్కా. గోడౌనుకి మేం వెళ్లక ముందే ఒకటి పట్టుకుని పోయాడట. ఏ నంబరు?"

గూళ్ల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. చూడక్కర్లేదు, నాకు తెలుసు. పందొమ్మిది.

నిచ్చెన ఆ అంకె రాసుకున్నాడు. "ఇందాక చెప్పారే, ఒక్కోటి బిగుసుకుపోతుందని. ఇది కూడా అలాంటిదేనా? సరిగ్గా పేలుతుందా?"

"పేలుతుంది" అన్నాను. "శనివారం నేనే బాగుచేశాను."