ఈల మోగాక దండం

నేను ఒక తోపుడుబండిని. ఇప్పుడు నాకు చక్రాలు లేవు కాబట్టి ఆ మాట చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగానే ఉంటుంది. అయినా నన్ను తోసేవాళ్ళు మాత్రం మునుపటికంటే పెరిగారు. మునుపు ఒక మనిషి వేలు ఆనిస్తే వీధి చివరిదాకా వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఐదుగురు వస్తాదుల్లాంటి కుర్రాళ్ళు రొప్పుతూ తోస్తే మూరెడు కదులుతున్నాను. భగవంతుడు ఎవరికి ఏ ఉద్యోగం ఎప్పుడు రాసిపెట్టాడో ముందుగా ఎవరికి తెలుస్తుంది?

విశాఖపట్నంలో, సింహాచలం కొండకు దగ్గరగా ఉన్న గోపాలపట్నంలో ఒక వడ్రంగి నన్ను తయారుచేశాడు. పైన వేపచెక్క బల్ల, కింద తుమ్మకర్ర కాళ్ళు, సైకిలు చక్రాలు. పని ముగించి నా అంచు పట్టుకుని గట్టిగా ఊపి చూశాడు. నేను కిర్రుమనలేదు. "ఇది మనకంటే ఎక్కువ కాలం ఉంటాది" అని పక్కవాడితో అన్నాడు. అంత మాట విన్నాక మధ్యలో విరిగిపోవడం మర్యాద కాదని అప్పుడే అనుకున్నాను.

మొదట నన్ను కొన్నది పళ్ళు అమ్మే మస్తాన్ సాయిబు. పొద్దున్నే నా మీద చెయ్యి వేసి, దేవుడి పేరు పెదాల మధ్యే అనుకుని కదిలించేవాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక ఇడ్లీలు, అట్లు అమ్మే నూకరత్నం చేతికి వచ్చాను. ఆమె నా మూలకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, సింహాద్రి అప్పన్నను తలుచుకుని కదిలించేది. దేవుడి పేరు మారింది గాని, నా మీద పడే చెయ్యి బరువు మారలేదు. ఆ రెండు పిలుపులూ పైన ఒకే చెవిలో పడతాయా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. బండిని కాబట్టి ఎవరినీ అడగలేదు.

నూకరత్నం ఒక్కగానొక్క కొడుకు సన్యాసిరావు. పేరు సన్యాసి గాని తిండి దగ్గర ఏ వైరాగ్యమూ లేదు. తల్లి పోసిన అట్లన్నీ కండపట్టి ఇరవై ఏళ్ళకల్లా తలుపంత మనిషయ్యాడు. చిన్నప్పుడు వాడి కాలు ఎవరికి తగిలినా, దేనికి తగిలినా తల్లి "కళ్ళకద్దుకో" అనేది. మనుషులందరూ పిల్లలకు చెప్పేదే. కాకపోతే ఆ మాట కొందరికి చెవిలో ఉంటుంది, వీడికి నరాల్లోకి దిగింది. కాలు తగలడం, చెయ్యి కిందికి పోవడం, కళ్ళకు తాకడం మూడూ ఒక్క రెప్పపాటులో అయిపోయేవి. వాడికే తెలిసేది కాదు.

నా ఇరుసు విరిగాక నూకరత్నం ఇనుపబండి కొనుక్కుంది. నన్ను పెరట్లో గోడకు ఆనించారు. నీళ్ళు కాచుకోవడానికి కట్టెలైపోతానని సిద్ధపడి ఉండగా, ఒకరోజు సన్యాసిరావు నన్ను భుజాన ఎత్తుకుని మైదానానికి తీసుకుపోయాడు.

అక్కడ ఆడే ఆటను అమెరికన్ ఫుట్‌బాల్ అంటారట. పేరులో కాలు ఉంది గాని బంతిని కాలితో తన్నేది బహు తక్కువ. చంకన పెట్టుకుని పరుగెత్తడం, చేత్తో విసరడమే ఎక్కువ. బంతి కూడా పీచు ఒలిచిన కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. విసిరేవాడు ఒకడు. వాడి ముందు ఐదుగురు గోడలా నిలబడాలి. అవతలి జట్టు ఆ గోడను కూల్చి వాడిమీద పడాలని చూస్తుంది. గోడలో ఉన్నవాళ్ళకు బంతి పట్టుకుని పరుగెత్తే యోగం లేదు, చప్పట్లు లేవు. గోడ నిలిచినంతసేపూ దాన్ని ఎవరూ చూడరు. ఇంటి పునాదిరాయి సంగతి ఎవరు అడుగుతారు?

మా జట్టులో విసిరేవాడు ఫణీంద్ర. కుడిచేతివాటం. కుడిచేత్తో విసరాలంటే ఎడమవైపుకు వీపు తిరుగుతుంది. అటునుంచి ఎవరు వచ్చినా కనబడదు. ఆ ఎడమ కొసను కాయడం సన్యాసిరావు పని. పోయిన ఏడాది చివరి ఆటలో హైదరాబాద్ జట్టువాడు సరిగ్గా అక్కడినుంచే దూరి ఫణీంద్ర వీపుమీద పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. అంతసేపూ కొండలా నిలిచిన సన్యాసిరావు ఆ ఒక్క క్షణం ఎందుకు సడలాడో ఎవరికీ అంతుబట్టలేదు. ఫణీంద్ర అక్క ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, "నీ వెనక కాసేవాడు సరైనవాడైతేనే ఇక మైదానంలో అడుగుపెట్టు" అని తేల్చి చెప్పిందట.

జట్టుకు నేర్పేది సుందర్రావు మాస్టారు. మళ్ళీ ఆటలు మొదలయ్యేది చలికాలంలో. ఈలోగా గోడను గట్టిచెయ్యాలని ఆయన పట్టుదల. ఇతర దేశాల్లో దీనికి యంత్రాలుంటాయట. ఇక్కడ నేను ఉన్నాను. నా చక్రాలు తీసేసి, కింద రెండు దుంగలు బిగించి, ముందువైపు పాత పరుపులు కట్టి, మీద ఇసుకబస్తాలు వేశారు. వాటికి తోడు మాస్టారు కూడా ఎక్కి నిలబడ్డారు. ఆయన చప్పట్లు కొడితే ఐదుగురూ భుజాలతో నన్ను ఢీకొని తొయ్యాలి. ఈల వేసేదాకా ఆపకూడదు.

అది వేసవి. మొదటిరోజు చప్పట్లు మోగాయి. ఐదు భుజాలు తగిలాయి. అబ్బో, నేను కదిలాను! రెండు అడుగులు వెళ్ళానో లేదో, ఎడమ కొస సడలి, ఒక ఎద్దు ఆగిపోయిన నాగలిలా పక్కకు తిరిగిపోయాను. మాస్టారు పడబోయి నిలదొక్కుకున్నారు.

"ఒరే సన్నేసీ, ఆ చెయ్యి ఏం చేసిందిరా?"

"ఏ చెయ్యి మాస్టారూ?"

"నీ కుడిచెయ్యి! కాలు బండికి తగిలింది, చేత్తో ముట్టుకుని కళ్ళకద్దుకున్నావు."

"నేనా? లేదండి బాబూ!"

మిగతా నలుగురూ పడీపడీ నవ్వారు. "అద్దుకున్నావురా! మొన్న బస్సులో ఎవడిదో గోనెబస్తాకి కాలు తగిల్తే దానికీ దండమెట్టినావు."

"అందులో బియ్యమున్నాయిరా!"

గట్టుమీద భుజానికి పట్టీతో కూర్చున్న ఫణీంద్ర మాత్రం నవ్వలేదు. లేచి మెల్లగా వచ్చాడు. "సన్నేసీ, ఆ రోజు ఆ హైదరాబాదువాడి కాలు తొక్కినావా?"

సన్యాసిరావు తన కుడిచేతి కేసి చూసుకున్నాడు. "తొక్కినానేమోరా. గట్టిగానే తొక్కినాను."

ఎముక ఎందుకు విరిగిందో అందరికీ ఒక్కసారే తెలిసింది.

అప్పటినుంచి ఆ చేతిని మాన్పించడానికి మాస్టారు పడని పాట్లు లేవు. తువ్వాలుతో వాడి చెయ్యిని నా పరుపుకు కట్టేశారు. కాలు తగిలింది. చెయ్యి రాకపోయేసరికి తలే వంగి నా అంచుకు కళ్ళు ఆనించింది. మైదానం చుట్టూ పరుగెత్తించారు. అప్పుడు వాడు అసలు కాలే ఎవరికీ తగలకుండా, ఎండబెట్టిన వడియాల మధ్య నడిచేవాడిలా ఆచితూచి అడుగులు వెయ్యడం మొదలుపెట్టాడు. అది ఇంకా అధ్వానం. అలా నడిచేవాడు గోడ ఎలా అవుతాడు?

"ఆటలో ఇది కుదరదురా. మానెయ్" అన్నారు మాస్టారు విసుగ్గా.

"కాలు తగిల్తే పాపం కాదా మాస్టారూ?"

ఆయన మెడలో చిన్న సిలువ ఉంది. దాన్ని వేళ్ళతో పట్టుకున్నారు. తిట్టడానికి నోరు రాలేదనుకుంటాను. "ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఎడమవైపు ఇంకొకణ్ణి నిలబెడతాను" అన్నారు చివరికి. పాపమో కాదో నాకూ తెలియదు. ఒక దండం వల్ల ఇంకొకడి ఎముక విరిగితే, ఆ దండం ఎవరి ఖాతాలో పడుతుంది?

ఆదివారం నూకరత్నం కుర్రాళ్ళకు టిఫిన్లు తెచ్చింది. నా మీదే గిన్నెలు సర్దింది. పాత పసుపు మరక చూసి వేలితో ఒకసారి తుడిచింది. ఆమె ఆకుల్లో పచ్చడి వేస్తుంటే కుర్రాళ్ళు పోటీపడి కథంతా చెప్పేశారు. ఇంతలో రామాలయంలో హారతి గంట మోగింది. ఆమె గరిటెలో ఉన్న పచ్చడి మాస్టారి ఆకులో పూర్తిగా వేసి, గరిటె గిన్నెలో పెట్టి, అప్పుడు రెండు చేతులూ జోడించింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"కాలు తగిల్తే కళ్ళకద్దుకోమన్నాను గానీ, అప్పటికప్పుడే అద్దుకోమన్నానేట్రా?"

"మరెప్పుడు అద్దుకుంటారే?"

"పెనం మీద అట్టున్నప్పుడు గంట మోగితే నానేటి సేత్తాను? అట్టు తిప్పీసి అప్పుడు దండమెడతాను. దండమెడతా కూకుంటే అట్టు మాడిపోదేటి? తినీవోడి ఉసురు తగల్దేటి?"

"మరి అప్పన్నకి కోపం రాదా అత్తా?" అని ఒక కుర్రాడు ఆటపట్టించాడు.

"ఆయనకేటి తొందర బాబూ? ఏడాదంతా గంధంలో కూకుని ఒక్కరోజు కనపడతాడు. ఆయన కాసుకుంటాడు." ఫణీంద్ర వైపు గడ్డంతో చూపించింది. "ఈడి ఎనకాల నిలబడ్డ ఆ గుంటడే కాసుకోలేడు."

సన్యాసిరావు నోట్లో పెట్టుకున్న ముద్ద నమలడం మరిచిపోయాడు. మాస్టారు ఆకు పక్కన పెట్టి లేచారు. "విన్నావురా? ఈల వేసేదాకా అట్టు పెనం మీదే ఉందనుకో. ఈల మోగాక నీ ఇష్టం, ఎంతమందికి పెట్టుకుంటావో పెట్టుకో."

ఆ రోజు నుంచి మా మైదానంలో కొత్త కేక పుట్టింది. సన్యాసిరావు కుడిచెయ్యి సడలబోతే నలుగురూ ఒక్కసారిగా "అట్టూ!" అని అరిచేవారు. దారినపోయేవాళ్ళు ఇక్కడేదో హోటలు పెట్టారనుకున్నారు. మొదట్లో చాలా అట్లు మాడాయి. వానలు పట్టాయి. నా దుంగలు బురదలో కూరుకుపోయేవి. మాస్టారు గొడుగు వేసుకుని నా మీద నిలబడేవారు. భుజాలు కమిలాయి, పరుపులు చిరిగాయి, మళ్ళీ కుట్టారు. వాడు తెల్లవారకముందే ఒక్కడే వచ్చి, చప్పట్లు కొట్టేవాళ్ళు లేకపోయినా నన్ను తోసి, నోటితో ఈల వేసుకుని, అప్పుడు కళ్ళకద్దుకునేవాడు. తల్లి నేర్పిన దానిలో దేన్నీ వదలలేదు. దాన్ని ఆపి పట్టుకోవడం నేర్చుకున్నాడు. వదిలెయ్యడం కంటే అది కష్టమని నాకు అనిపించింది.

నాకు మెల్లమెల్లగా తెలిసివచ్చింది. నేను తిన్నగా పోతున్నాను.

భుజం కుదిరాక ఫణీంద్ర కూడా వచ్చి ఐదుగురి వెనక నిలబడ్డాడు. ఐదుగురూ నావైపు చూస్తారు కాబట్టి వెనకవాడి ముఖం వాళ్ళకు కనబడదు. నాకు కనబడుతుంది. చప్పట్లు మోగగానే వాడి మెడ ఎడమకు తిరిగేది. విరిగిన ఎముక దాన్ని తిప్పేది. మెడ తిరిగితే బంతి ఎక్కడో పడేది.

"ఫణీ, మెడ!" అనేవారు మాస్టారు.

"చూడకుండా ఉండలేకపోతున్నాను మాస్టారూ."

ఆ మాట సన్యాసిరావు విన్నాడు. మళ్ళీ చప్పట్లు మోగినప్పుడు నన్ను మైదానం చివర కంచెదాకా తోసుకుపోయాడు. మిగతా నలుగురూ వాడి వెంట కాళ్ళీడ్చుకుంటూ రావలసి వచ్చింది.

చలికాలం వచ్చింది. మొదటి ఆట మా మైదానంలోనే, మళ్ళీ ఆ హైదరాబాద్ జట్టుతోనే. నా మీద నీళ్ళ డబ్బాలు పెట్టి గీత పక్కన ఉంచారు. ఫణీంద్ర అక్క వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకుంది. నూకరత్నం టీ పోసి ఇస్తే, ఎడమ కొసమీంచి కళ్ళు తిప్పకుండానే అందుకుంది.

ఆట చివరికొచ్చేసరికి మావాళ్ళు కొంచెం వెనకబడి ఉన్నారు. ఒక్క మంచి విసురు కావాలి. బంతి ఫణీంద్ర చేతికి వచ్చింది. పోయినసారి దూరినవాడే మళ్ళీ ఎడమవైపు నుంచి దూసుకొచ్చాడు. సన్యాసిరావు ఎదురువెళ్ళాడు. వాడి బూటు అవతలివాడి కాలిమీద పడడం నేను కళ్ళారా చూశాను. కుడిచేతి వేళ్ళు విచ్చుకున్నాయి.

నా పక్కనుంచి నూకరత్నం గొంతు వినబడింది. "అట్టురా నాయనా, అట్టు..." అంత దూరం ఆ గొంతు వాడికి చేరే అవకాశం లేదు.

వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. ఆ చెయ్యి అవతలివాడి ఛాతీమీదే నిలిచింది.

అప్పుడు నేను ఫణీంద్ర వైపు చూశాను. వాడు ఎదరకే చూస్తున్నాడు. మెడ తిరగలేదు. తొందరపడకుండా చెయ్యి పూర్తిగా వెనక్కి తీసి విసిరాడు. బంతి చివరి గీత దాటి మావాడి రెండు చేతుల్లో పడింది. ఈల మోగింది. ఫణీంద్ర అక్క టీ ఒలికిపోయినట్టు ఆమెకు తెలియనే లేదు.

అందరూ బంతి పట్టినవాడి మీదికి పరుగెత్తారు. సన్యాసిరావు మాత్రం కిందపడ్డ హైదరాబాదువాడిని లేపి, వంగి వాడి కాలు తాకి కళ్ళకద్దుకున్నాడు.

"ఏందన్నా, గెలిచి కాళ్ళు మొక్కుతున్నవ్?"

"కాలు తగిలింది బాబూ."

ఆ అబ్బాయి బట్టల మట్టి దులుపుకున్నాడు. "నా కాలు గూడ తగిలింది గదన్నా నీకు" అని, తానూ వంగి సన్యాసిరావు మోకాలు తాకి కళ్ళకద్దుకున్నాడు.

పొద్దు వాలాక మైదానం ఖాళీ అయింది. ఫణీంద్ర నా మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు. సన్యాసిరావు వచ్చి, నా పాత పసుపు మరక దగ్గర చెయ్యి ఆనించి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత ఇంకోసారి. మరోసారి.

"ఎన్నిసార్లురా?" అన్నాడు ఫణీంద్ర.

"వేసంగి నుంచి కొన్ని ఆగిపోయినాయిరా."

ఫణీంద్ర కాళ్ళు ఊపడం ఆపి, కిందికి దిగాడు. తానూ నా మీద చెయ్యి వేసి కళ్ళకద్దుకున్నాడు. నన్ను ఇంతమంది ఇంతకాలం తన్నారు గాని, ఇంత ఆలస్యంగా అందినా ఆ దండాలు ఒక్కటీ చల్లారినట్టు అనిపించలేదు.

గేటు దగ్గర నుంచి మాస్టారు కేకేశారు. "చాల్లేరా! రేపు పొద్దున్నే మళ్ళీ వచ్చెయ్యండి. కుడివైపు కొస సడలుతోంది, చూశాను."

నేను నా దుంగలు నేలకు గట్టిగా ఆనించుకున్నాను.