ఎత్తే ముందు ఒక ప్రశ్న

అరవయ్యో మెట్టు మీద క్రేనక్క రోజూ ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఇవాళ భోజనం చేసి ఎక్కుతూ రెండుసార్లు ఆగింది. పైనున్న గాజు క్యాబిన్‌లోకి దూరి, కళ్ళు నులుముకుని, లివర్ మీద చెయ్యి వేసింది.

కింద ఫౌండ్రీలో, కొక్కేనికి తగిలించిన పెద్ద బాల్చీ నిండా కరిగిన ఇనుము కుతకుతలాడుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా దాన్ని ఒక్క చుక్క ఒలకకుండా మోస్తోందామె. అందుకు సొంత పద్ధతి ఒకటి పెట్టుకుంది. భోజనం తర్వాత మొదటిసారి ఎత్తే ముందు, కింద సైగలు చేసే సిగ్నల్ తమ్ముడు వాకీటాకీలో ఒక ప్రశ్న అడగాలి. జవాబు తప్పితే బాల్చీ కదలదు.

"అక్కా, ఇందాక మనం తిన్న కూరేంటి?"

"ఇదీ ఒక ప్రశ్నేనా? వంకాయ. నా వాటా కూడా నువ్వే ఊడ్చేశావుగా!"

వాకీటాకీ గరగరమంది. "అక్కా... వంకాయ నిన్న. ఇవాళ బెండకాయ."

నవ్వబోయి ఆగిపోయింది. తన చెయ్యి వైపు చూసుకుంది. అది ఎడమకు నడిపే లివర్ మీద ఉంది. ఎడమ వైపు పోసింది నిన్న. ఇవాళ పోయాల్సిన అచ్చులు కుడి వైపున్నాయి. నిన్న పోసినవాటిని బయటికి తీయడానికి ఎడమన ఎనిమిది మంది ఒంగి ఇసుక తవ్వుతున్నారు.

వారంగా ఇంట్లో పసిగుడ్డు మనవరాలు ఎవరినీ పడుకోనివ్వడం లేదు. నోరు నిన్నటి జవాబు చెప్పింది, చెయ్యి నిన్నటి దారి పట్టింది.

"తమ్ముడూ, దిగిపోతున్నా."

కింద సూపర్‌వైజర్ తమ్ముడి చేతిలోంచి వాకీటాకీ లాక్కున్నాడు. "అమ్మా, ఈ వారంలో మీరిలా దిగడం ఇది మూడోసారి! ఇప్పుడు దిగితే క్రేన్ ఇంక మీకివ్వరు, రూలు తెలుసుగా? ఇనుము చల్లారిపోతోంది. ఈ ఒక్కటీ లాగించెయ్యండి."

ఆమె క్యాబిన్ చుట్టూ చూసింది. జీవితం మొత్తంలో తనదంటూ ఉన్న గది అదొక్కటే.

"లాగించేస్తా సార్. ఎనిమిది మంది నెత్తిన పోస్తా. వాళ్ళ ఇళ్ళకెళ్ళి మీరు చెప్తారా?"

స్విచ్ ఆపి, చకచకా మెట్లు దిగింది.

ఇసుక తవ్వే వాళ్ళలో ఒకడు తలెత్తి అరిచాడు. "ఏంటక్కా, అప్పుడే ఇంటికా? నీదే జాతకం!"

"నువ్వూ రారా, పాపకి జోల పాడుదువుగాని!"

ఎనిమిది మందీ గొల్లుమన్నారు. ఆమె వాళ్ళకంటే గట్టిగా నవ్వి, గేటు దాటింది. ఆ సాయంత్రం మనవరాలు ఎంత ఏడ్చినా లేవకుండా గుర్రు పెట్టి నిద్రపోయింది. క్రేన్ మళ్ళీ ఎక్కలేదు.

ఆమె స్థానంలో వచ్చిన ఆరడుగుల మనిషికి, ఆమె కాళ్ళు అందక వేయించుకున్న చెక్కపీట రోజూ మోకాళ్ళకి అడ్డం పడుతుంది. తిట్టుకుంటూ పక్కకి జరుపుతాడే కానీ, కిందికి దింపడు. దాని మీద రెండు మడమల గుంటలు నున్నగా మెరుస్తుంటాయి.