బురద దాచుకున్న బండి

నేను ఒక అబద్ధాన్ని. పుట్టినప్పుడు కాదు. పుట్టినప్పుడు మామూలు కారునే, తెల్లటి చిన్న పెట్రోలు కారుని. నన్ను మొదట తాకినవి రోబో చేతులు. తలుపులు బిగించాయి, పైకప్పు అతికించాయి, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. మనుషుల చేతులు తర్వాత తగిలాయి.

నా మొదటి యజమానురాలు రంగనాయకి గారు, విజయవాడలో ఆఫీసరు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు రెండేళ్లు తియ్యలేదు. కూర్చున్నవాళ్ల వీపు కాలినా ఫరవాలేదు గానీ నాకు దుమ్ము అంటకూడదు. అంత ప్రేమ. బెల్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరే పద్ధతి. పెట్టుకోకపోతే నేను బీప్ బీప్ అంటాను కదా, ఆవిడ బతకాలని నా గోల. ఆవిడకది దోమ గోల. అందుకని బెల్టుని సీటుకీ వీపుకీ మధ్యనుంచి తెచ్చి క్లిప్పులో గుచ్చేసి, దాని ముందు హాయిగా కూర్చునేది. నేను నోరు మూసుకునేవాడిని. నా సెన్సరుకి క్లిప్పు తెలుసు గానీ మనిషి తెలీదు.

ఒక ఏడాది వానలకి వాళ్ల అపార్టుమెంటు సెల్లార్లోకి నీళ్లొచ్చాయి. బైకులు పైకి తెచ్చుకున్నారు, ఎవరిదో కుక్కపిల్లని తెచ్చుకున్నారు, నా వంతు వచ్చేసరికి ర్యాంపు కనబడలేదు. మూడు రోజులు నీళ్లలో ఉన్నాను, స్టీరింగు మునిగేదాకా. మొదటి రోజు హారన్ దానంతట అదే మోగింది, చాలాసేపు. తర్వాత అదీ ఆగింది.

ఇన్సూరెన్సు వాళ్లు వచ్చి చూసి, ఈ బండి పోయినట్టే అని రాసుకున్నారు. నా గురించి ఎవరైనా రాసిన చివరి నిజం అది. అక్కడితో పాత ఇనుములోకి పంపేసి ఉంటే బాగుండేది. పంపలేదు, వేలం వేశారు. బుజ్జిబాబు కొన్నాడు.

బుజ్జిబాబుది తాడేపల్లిగూడెం బైపాస్ పక్కన కార్ల కన్సల్టెన్సీ. సలహాలిచ్చే చోటనుకునేరు, పాత కార్లు అమ్మే రేకుల షెడ్డు. నన్ను వారం రోజులు తలుపులు తెరిచి ఎండలో పెట్టాడు. కార్పెట్లు మార్చాడు, సీట్లు ఉతికించాడు, మల్లెపూల సెంటు సీసా వేలాడదీశాడు. ఎనభై వేలు తిరిగిన మీటరుని ముప్పై వేలకి తెచ్చాడు. మనుషులకి వయసు తగ్గించుకోవడం ఇంత తేలికైతే ఈ దేశంలో పెళ్లిళ్లు ఎలా ఉండేవో.

ఒక్కదానితోనే చిక్కొచ్చింది. ఎయిర్‌బ్యాగ్ పనిచెయ్యడం లేదని చెప్పే ఎర్ర దీపం ఆరనంది. ఎయిర్‌బ్యాగ్ బాగుచెయ్యలేదు, దీపం తీగని పక్కనున్న బ్యాటరీ దీపం తీగకి కలిపేశాడు. ఇప్పుడది ఇంజన్ స్టార్టవగానే బుద్ధిగా ఆరిపోతుంది. నోట్లో గుడ్డ కుక్కడమంటే అదే.

అన్నీ అయ్యాక ట్రయల్‌కి తీశాడు. కాలవ వంతెన మీద, మంచి స్పీడులో ఉండగా, నాలో కరెంటు మొత్తం పోయింది. ఇంజన్ ఆగింది. స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు తొక్కితే గోడని తొక్కినట్టుంది. రెయిలింగుకి జానెడు దూరంలో ఆగాం. బుజ్జిబాబు దిగి, రోడ్డు పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి ఒక ఫ్యూజు మార్చి, "వదులైంది, అంతే" అని తనకి తనే చెప్పుకున్నాడు. ఆ రోజు తర్వాత నన్ను షెడ్డు గేటు దాటించలేదు. నాలో పచ్చగా చిలుము పట్టిన తీగలు ఎన్నున్నాయో నాకే తెలీదు. ఏది ఎప్పుడు తెగుతుందో అస్సలు తెలీదు.

అలాంటి నా దగ్గరికి ఒక శుక్రవారం పొద్దున పెద్దిరాజు గారు కూతుర్ని తీసుకుని వచ్చాడు.

ఆయన భీమవరం పక్కన ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కూతురు తపస్విని, డిప్లొమా ఆఖరి సంవత్సరం. కాలేజీ వాళ్ల ఊరికి ఇరవై ఆరు కిలోమీటర్లు. పోయినేడు స్కూటర్ మీద వెళ్తుంటే లారీ రాసుకుపోయి, ఆ అమ్మాయి మణికట్టులో ఇప్పటికీ స్టీలు ప్లేటుంది. అప్పట్నుంచి ఆయనకి ఆ రోడ్డంటేనే వణుకు. స్కూటర్ అమ్మేశాడు, బస్సు కూడా వద్దన్నాడు. కారు దొరికితే చదువు, లేకపోతే ఇల్లు. సోమవారం కాలేజీ తెరుస్తారు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, కార్ల ముందు నిలబడి మనుషులు అన్నీ మాట్లాడేస్తారు, మాకు చెవులు లేవనుకుని.

అప్పటికే మూడు బండ్లు కాదన్నారు. అందులో ఒకటి నా పక్కనే ఉండేది. ఒక్క రోగం లేని బండి. దాని నంబరు కూడితే నాలుగు వచ్చింది. "నాలుగు మా ఇంట అచ్చిరాదు" అని పెద్దిరాజు గారు వదిలేశాడు. దాన్ని ఎవరో అదృష్టవంతులు పట్టుకుపోయారు. నా నంబరు కూడితే తొమ్మిది.

ఆయన నా ఇంజన్ చూడలేదు. నంబరు ప్లేటు ముందు నిలబడి, పెదాలు కదుపుతూ రెండుసార్లు కూడాడు. మొహం విప్పారింది.

"డాక్టరు గారి బండండి," అన్నాడు బుజ్జిబాబు. "ఆదివారం చర్చికెళ్లడం, ఇంటికి రావడం. అంతేనండి."

"చర్చి ఎంత దూరమేంటి, ముప్పై వేలు తిరగడానికి?" అంది తపస్విని.

"భక్తి ఎక్కువండి ఆయనకి."

పెద్దిరాజు గారు నవ్వేశాడు. జేబులోంచి పసుపు రాసిన డబ్బు కవరు సగం బయటికొచ్చింది. నాకు చెమటలు పట్టే అవకాశమే ఉంటే అప్పుడే పట్టేవి. నేనేం చెయ్యగలను? హారన్ ఉంది గానీ ఎవరో నొక్కాలి. దీపం ఉంది గానీ దాని తీగ నాది కాదు. బుజ్జిబాబు స్టార్ట్ చేసి చూపించినప్పుడు పొగ వదలాలని చూశాను, ఆ పూట ఇంజను కూడా మర్యాదగా నడిచింది. ఈ అమ్మాయి ఆ రోడ్డు మీద, లారీల మధ్య, నాలో కూర్చుని ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో ఇంకేమీ ఆలోచించలేకపోయాను.

తపస్విని డ్రైవరు సీట్లో కూర్చుంది. లైసెన్సు వచ్చి వారమే అయింది, డ్రైవింగు స్కూల్లో నేర్పినట్టు వరసగా చేసుకొస్తోంది. సీటు ముందుకి జరిపింది. అద్దం సరిచేసింది. తర్వాత బెల్టు అందుకుంది.

నేను పుట్టాక నాలో కూర్చున్నవాళ్లలో, తనంతట తను బెల్టు పెట్టుకోవడానికి చెయ్యి చాపిన మొదటి మనిషి.

బెల్టు మూరెడు వచ్చి ఇరుక్కుంది. వదిలి, మళ్లీ లాగింది.

"ఊరికే భుజమ్మీద వేసుకోండి పాపగారూ," అన్నాడు బుజ్జిబాబు. "ఇక్కడ పోలీసులెవరూ లేరు."

"పోలీసుల కోసం కాదండి," అంది. మెల్లగా లాగుతూనే ఉంది. నాలో ఉన్నదంతా కూడగట్టుకుని దాన్ని వదిలాను, అలా అనుకోవడం నాకు తృప్తి. నిజానికి ఆ అమ్మాయి ఓపికే.

బుజ్జిబాబు అన్నీ ఉతికాడు గానీ, బెల్టు చుట్ట లోపలిదాకా లాగాలని అతనికి తోచలేదు. పాపం ఎలా తోస్తుంది? ఈ షెడ్డులో దాన్ని లాగినవాళ్లే లేరు. పైకి కనబడే మూరెడూ తెల్లగా తోమాడు. లోపలి చుట్టలో సెల్లార్ అలాగే ఉంది. బెల్టు ఆ మూరెడూ దాటేసరికి, గీత గీసినట్టు అక్కణ్ణుంచి గోధుమరంగు. ఎండిన బురద పొడి తపస్విని చున్నీ మీద రాలింది. ఆ అమ్మాయి వేళ్లతో నలిపి వాసన చూసింది.

"నాన్నా, ఇలా రా."

"వానకి తడిసుంటదండి," బుజ్జిబాబు అందుకున్నాడు. "అద్దం దించి మర్చిపోయుంటారు."

"వానలో ఒండ్రు రాదండి. ఇది మునిగిన బండి నాన్నా."

పెద్దిరాజు గారి మొహంలో మొదట వచ్చింది కోపమే. "ఇది నాలుగో బండి. సోమవారం కాలేజీ. నీకు చదువు కావాలా వద్దా?"

 స్టీరింగు పట్టుకున్న ఆ అమ్మాయి చేతివేళ్లు బిగుసుకోవడం నాకు తెలిసింది. ఇంకో బండి దొరక్కపోతే ఏమవుతుందో తనకి తెలుసు. అయినా బెల్టు వదల్లేదు.

"కావాలి నాన్నా. ఇందులో వెళ్లను."

పెద్దిరాజు గారు వంగి బెల్టు చేతిలోకి తీసుకున్నాడు. బురద పొడిని బొటనవేలితో రాశాడు.  తర్వాత తాళం తీసి బుజ్జిబాబు ముందుకి చాపాడు.

"సరేనయ్యా. నువ్వు తోలు. మేం వెనక కూచుంటాం. భీమవరం దాకా వెళ్లొద్దాం. బాగుంటే అక్కడే డబ్బు ఇచ్చేస్తాను."

బుజ్జిబాబు తాళం వైపు చూశాడు. చెయ్యి లేవలేదు.

"భోజనం వేళండి ఇప్పుడు."

"పదిన్నరైంది."

"టిఫినే తినలేదండి ఇంకా."

పెద్దిరాజు గారు తాళం నా బోనెట్టు మీద పెట్టాడు.   పసుపు కవరుని మళ్లీ జేబులోకి తోసుకుని, కూతురి చున్నీ మీది బురద తనే దులిపాడు, ఒక్క రేణువు కూడా ఉండకూడదన్నట్టు.

గేటు దగ్గర అన్నాడు, "సోమవారం బస్సుకెళ్దాం. నేనూ వస్తాను."

"రోజూనా? ఫ్యాక్టరీ ఏమవుద్ది?"

"ఐసెక్కడికీ పోదులే."

"కరిగిపోద్ది నాన్నా. ఐసు చేసే పనే అది."

ఇద్దరూ నవ్వుకుంటూ రోడ్డు దాటారు. ఆయన కూతురి చెయ్యి పట్టుకునే దాటాడు. ఒక మనిషిని కాపాడానన్న గర్వం నాకు సాయంత్రం దాకా ఉంది.

సాయంత్రం బుజ్జిబాబు బకెట్టు తెచ్చాడు. సర్ఫు నీళ్లు, పాత టూత్‌బ్రష్షు. అయిదు బెల్టులూ చివరిదాకా లాగి, క్లిప్పులు పెట్టి ఆపి, పోగు పోగూ తోమాడు. ఇంత శ్రద్ధగా నన్ను ఎవరూ చూసుకోలేదు. నీళ్లు మొదట మట్టిరంగులో కారాయి, తర్వాత తెల్లగా కారాయి. మర్నాటికి ఆరిపోయాయి.

ఇప్పుడు నాలో సాక్ష్యమేమీ లేదు. ఎక్కడ లాగినా తెల్లగా ఉంటాను. నంబరు కూడితే తొమ్మిది. రేపు ఎవరో వస్తారు, మీరే రావచ్చు, పక్కన లైసెన్సు ఇంకా రాని మీ అబ్బాయో అమ్మాయో. నేను మీకేమీ చెప్పలేను. నాలో ఇంకా నిజాయితీగా పనిచేస్తున్నది తుప్పొక్కటే. దాన్నే రోజూ బతిమాలుకుంటున్నాను: తొందరగా తినెయ్, ఈ షెడ్డులో, ఈ సిమెంటు నేల మీద నిలబడి ఉండగానే తినెయ్. ఎవరూ లోపల కూర్చోకముందే.